పాఠకుల ప్రశ్నలు: ఆర్చిబిషప్పే ప్రెసిడెంట్ అయిన సైప్రస్ కథ

2025 జూన్‌లో ప్రధాని మోదీ సైప్రస్ వెళ్ళినప్పుడు అక్కడి ప్రభుత్వం ఇచ్చిన అవార్డు గురించి పోయినసారి ఈ కాలమ్‌లో రెండు లైన్లు రాసి వదిలేశాం, దాని మీద ఉత్తరాలు, మెయిల్స్ చాలా వచ్చాయి. అందుకని ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి మొత్తం, మధ్యధరా సముద్రంలో టర్కీకి దక్షిణాన ఉన్న చిన్న దీవి దేశం సైప్రస్‌కే ఇచ్చేస్తున్నాం.

మోదీ గారికి ఇచ్చిన అవార్డు పేరులో మకారియోస్ అని ఉంది. ఢిల్లీలో కూడా ఆర్చిబిషప్ మకారియోస్ మార్గ్ అని ఒక రోడ్డు చూశాను. చర్చి పెద్దాయన పేరు మీద ఒక దేశం అవార్డు ఏంటి, ఢిల్లీలో రోడ్డు ఏంటి, అసలు ఎవరండీ ఈయన? (ఒక పాఠకురాలు, విజయవాడ)

ఒక్క ముక్కలో చెప్పాలంటే సైప్రస్ మొదటి ప్రెసిడెంట్ అండి. అదే టైంలో అక్కడి ఆర్థడాక్స్ చర్చికి ఆర్చిబిషప్, అంటే అధిపతి కూడా. ఒకటి వదిలేసి ఇంకోటి తీసుకోలేదు, చనిపోయేదాకా రెండు పదవులూ ఆయన దగ్గరే ఉన్నాయి. పాత ఫొటోలు చూడండి, 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల మొదటి సదస్సు జరిగింది కదా, నెహ్రూ, నాసర్, టిటో అందరూ వచ్చారు, అంతమంది సూట్లలో షేర్వాణీల్లో ఉంటే ఈయన మాత్రం కాళ్ళ దాకా నల్ల అంగీ, తల మీద నల్ల ముసుగు ఉన్న ఎత్తు టోపీ, గడ్డం, ఛాతీ మీద గొలుసుకి వేలాడే మేరీమాత పతకం, అదే వేషం. ప్రెసిడెంట్‌గా ఏ దేశం వెళ్ళినా అలాగే వెళ్ళేవాడు.

అసలు పేరు మిఖాయిల్ మూస్కోస్. 1913 ఆగస్టు 13న పాఫోస్ జిల్లా కొండల్లో పానో పనాయియా అనే పల్లెటూళ్ళో పుట్టాడు. నాన్న గొర్రెల కాపరి, ఈయన కూడా చిన్నప్పుడు మందతో పాటు కొండలెక్కిన వాడే. 13 ఏళ్ళకి కిక్కోస్ మఠంలో చేర్చారు, ఎందుకంటే లేనివాళ్ళ ఇంట్లో పిల్లాడికి పెద్ద చదువు కావాలంటే అప్పట్లో మఠమే దారి. మఠం వాళ్ళే రాజధాని నికోసియాలో హైస్కూల్ చదివించి ఏథెన్స్ యూనివర్సిటీకి పంపారు, అక్కడ థియాలజీ, లా చదువుతుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పడింది, జర్మన్ల ఆక్రమణ రోజులన్నీ అక్కడే గడిపాడు. 1946లో స్కాలర్‌షిప్ మీద అమెరికా, బోస్టన్ యూనివర్సిటీ. హాయిగా చదువుకుంటున్నాడు, అక్కడే ఉండి ఇంకా చదవాలని ఆయన కోరిక, అలాంటిది 1948లో ఆయన బోస్టన్‌లో ఉండగానే సైప్రస్‌లో కిటియోన్ అనే డయాసిస్‌కి, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి, బిషప్‌గా ఎన్నుకుని రమ్మని కబురు పెట్టారు. రెండున్నరేళ్ళకే, 1950 అక్టోబర్‌లో ఆర్చిబిషప్ అయ్యాడు. వయసు 37.

ఇక్కడ ఒక విషయం, సైప్రస్ చర్చిలో బిషప్పుల ఎన్నికలో మామూలు జనానికి కూడా పాత్ర ఉంటుంది, పైనుంచి ఎవరో వేసిన పోస్ట్ కాదు అది. కాబట్టి ప్రెసిడెంట్ అవ్వడానికి పదేళ్ళ ముందే ఆయన ఒక రకంగా జనం ఎన్నుకున్న నాయకుడు. తర్వాత కథ అంతా అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

మతగురువు దేశాధ్యక్షుడు అవ్వడానికి చర్చి రూల్స్ ఒప్పుకుంటాయా? బిషప్ అంటే ప్రార్థనలు చేసుకోవాలి గానీ ఎలక్షన్లో నిలబడటం ఏంటి? (ఒక లెక్చరర్, వరంగల్)

మీ ప్రశ్న న్యాయమైనదే, సైప్రస్‌లో సాటి బిషప్పులే దీని మీద ఆయన్ని పదవి లోంచి పీకేయబోయారు, దానికి తర్వాత వస్తాను. ముందు ఆ పదవి ఎలాంటిదో చూద్దాం.

1571లో సైప్రస్‌ని ఒట్టోమన్ టర్కులు వెనిస్ వాళ్ళ నుంచి గెలుచుకున్నారు. వాళ్ళ పాలన ఎలా ఉండేదంటే ఒక్కో మతం వాళ్ళకి వాళ్ళ మతపెద్దనే నాయకుడిగా పెట్టి, మీ వాళ్ళ సంగతి నువ్వే చూసుకో, పన్ను మాత్రం టైంకి కట్టించు అనేవాళ్ళు. మన పాత ఊళ్ళల్లో శిస్తు వసూలంతా మునసబు కరణాల మీదుగా నడిచినట్టు అక్కడ క్రైస్తవుల లెక్కంతా ఆర్చిబిషప్ మీదుగా నడిచేది. గ్రీకులో ఎత్‌నార్క్ అంటారు, అంటే తన జనానికి పెద్ద అని. జనం తరఫున సుల్తాన్ దగ్గర మాట్లాడాల్సింది ఆయనే, తేడా వస్తే ముందు మెడ పోయేది కూడా ఆయనదే. 1821లో గ్రీస్‌లో తిరుగుబాటు మొదలవగానే సైప్రస్‌లో ఒట్టోమన్ గవర్నర్ చేసిన పని ఆర్చిబిషప్ కిప్రియానోస్‌ని నికోసియాలో అందరూ చూస్తుండగా ఉరి తీయించడం, మిగతా ముగ్గురు బిషప్పుల తలలు నరికించడం.

అంతకంటే పాత మర్యాదలు కూడా ఉన్నాయి. 5వ శతాబ్దంలో బైజాంటిన్ చక్రవర్తి జీనో ఇచ్చాడని చెప్పుకునే హక్కులు మూడు, చక్రవర్తిలా ఎర్ర సిరాతో సంతకం పెట్టడం, బిషప్పుల చేతికర్రకి బదులు రాజదండం పట్టుకోవడం, ఊదారంగు రాజవస్త్రం వేసుకోవడం. ఎర్ర సిరా సంతకం మకారియోస్ కూడా పెట్టేవాడు. ఇది షోకు అనుకోకండి, ఈ పదవిలో రాజ్యం వాసన మొదట్నించీ ఉంది అనడానికి చెప్తున్నా.

1878లో బ్రిటిష్ వాళ్ళు వచ్చారు, 1925లో సైప్రస్‌ని క్రౌన్ కాలనీ చేసుకున్నారు, కానీ జనం దృష్టిలో తమ పెద్ద ఆర్చిబిషప్పే. 1931లో అల్లర్లు జరిగి గవర్నర్ బంగళా తగలబడింది, అప్పుడు తెల్లవాళ్ళు దేశం నుంచి పంపించేసిన వాళ్ళలో ఇద్దరు బిషప్పులు ఉన్నారు. అంటే మకారియోస్ రాజకీయాల్లోకి వచ్చాడు అనడం కంటే, ఆయన కూర్చున్న కుర్చీయే రాజకీయం అనడం కరెక్ట్.

ఇక చర్చి రూల్స్. 1972 మార్చిలో ఆయన కింద ఉన్న ముగ్గురు బిషప్పులు, పాఫోస్, కిటియోన్, కిరీనియా వాళ్ళు, మతాధికారి లౌకిక పదవిలో ఉండకూడదు అన్న కానన్, అంటే చర్చి నియమం, చూపించి ప్రెసిడెంట్ పదవికి రాజీనామా చెయ్యమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1973లో వాళ్ళు మీటింగ్ పెట్టి ఆయన్ని మతాధికారమే లేకుండా తీసేశాం, ఇక నుంచి ఆయన ఉత్త మిఖాయిల్ మూస్కోస్ అని ప్రకటించేశారు. ఆయన ఊరుకుంటాడా, బయటి ఆర్థడాక్స్ చర్చిల నుంచి పాట్రియార్కులని (ఆ చర్చిల అధిపతులని), బిషప్పులని పిలిపించి పెద్ద సినడ్, అంటే మతపెద్దల సభ, పెట్టించాడు, అది 1973 జులైలో ఆ నిర్ణయం చెల్లదని కొట్టేసింది, ఆ ముగ్గురి పదవులే పోయాయి. ఆ ముగ్గురూ రూల్ మీద భక్తితోనే మాట్లాడారు అనుకోవడం నాకు కష్టం, ఎందుకంటే 1960లో ఆయన ప్రెసిడెంట్ అయినప్పుడు గుర్తురాని కానన్ 12 ఏళ్ళ తర్వాత, అదీ గ్రీస్‌లోని మిలటరీ ప్రభుత్వానికి ఈయనంటే పడని టైంలో గుర్తొచ్చింది.

గ్రీస్‌లో కలవాలని ఉద్యమం నడిపిన మనిషి స్వతంత్ర దేశానికి ప్రెసిడెంట్ ఎలా అయ్యాడు? నాకు ఇది అస్సలు అర్థం కాలేదు. (ఒక పాఠకుడు, తెనాలి)

ఈ కథలో అసలు ముడి ఇదేనండి. సైప్రస్‌లో జనం రెండు రకాలు, సుమారు 80 శాతం గ్రీకు మాట్లాడే ఆర్థడాక్స్ క్రైస్తవులు, 18 శాతం టర్కిష్ మాట్లాడే ముస్లింలు. గ్రీకు వాళ్ళ కోరిక గ్రీస్‌లో కలిసిపోవడం, దాన్ని ఎనోసిస్ అంటారు. 1950 జనవరిలో చర్చి దీని మీద జనాభిప్రాయ సేకరణ పెట్టింది, దాన్ని దగ్గరుండి నడిపించింది అప్పటికి కిటియోన్ బిషప్‌గా ఉన్న మకారియోసే. సీక్రెట్ బ్యాలెట్ లేదు, చర్చిల్లో పుస్తకాలు తెరిచి పెడితే జనం వచ్చి అందరి ముందే సంతకం పెట్టారు. దాదాపు 96 శాతం ఎనోసిస్‌కి సరే అన్నారు. టర్కిష్ సైప్రియట్లని, అంటే సైప్రస్‌లోని టర్కిష్ వాళ్ళని, ఎవరూ అడగలేదు.

బ్రిటన్ ససేమిరా అంది. 1954 జులైలో వాళ్ళ మంత్రి హాప్‌కిన్‌సన్ పార్లమెంటులో, కొన్ని ప్రాంతాలకి ఎప్పటికీ పూర్తి స్వాతంత్ర్యం వస్తుందని ఆశించలేం అన్న అర్థంలో మాట్లాడాడు, ఆ "ఎప్పటికీ" అన్న మాట సైప్రస్‌లో జనానికి గునపంలా దిగింది. 1955లో మకారియోస్ బాండుంగ్ సదస్సుకి కూడా వెళ్ళి ఆసియా ఆఫ్రికా దేశాల మద్దతు కోసం తిరిగాడు, అదే సంవత్సరం ఏప్రిల్ 1న ఇయోకా అనే రహస్య సంస్థ బాంబులతో పోరాటం మొదలుపెట్టింది, దాని కమాండర్ గ్రీకు సైన్యంలో కల్నల్‌గా చేసిన గ్రివాస్. ఆర్చిబిషప్‌కి దీని సంగతి తెలుసు, ముందు నుంచీ ఆయన ఆమోదం ఉంది. శాంతి బోధించాల్సిన మనిషి దీనికి ఎలా ఒప్పుకున్నాడు అంటే, బ్రిటిష్ వాళ్ళు మాటలతో వినరని ఆయనకి నమ్మకం కుదిరింది, కానీ ఇయోకా చంపిన వాళ్ళలో గ్రీకు సైప్రియట్లు కూడా చాలామంది ఉన్నారు, ద్రోహులని ముద్ర వేసి చంపారు, దాన్ని మనం దాచకూడదు.

1956 మార్చి 9న ఏథెన్స్ వెళ్ళడానికి ఎయిర్‌పోర్ట్‌కి వస్తే అక్కడే అరెస్ట్ చేసి, ఇంకో ముగ్గురితో కలిపి ఏకంగా హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవులకి పంపేశారు. మాహే దీవిలో శాన్ సూసీ అనే బంగళా, ఏడాది పైగా అక్కడే. బయటికి వదిలాక కూడా సైప్రస్‌లో అడుగు పెట్టనివ్వలేదు, ఏథెన్స్‌లో ఉండిపోయాడు. ఈలోగా టర్కీ రంగంలోకి దిగింది, మీరు గ్రీస్‌లో కలిస్తే మేము దీవిని రెండు ముక్కలు చేస్తాం అంది, ఇక్కడ ఊళ్ళల్లో రెండు వర్గాలు కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు, 1958 సెప్టెంబర్‌లో, బ్రిటన్ లేబర్ పార్టీ నాయకురాలు బార్బరా కాసిల్‌తో మాట్లాడుతూ స్వాతంత్ర్యం ఇస్తే ఒప్పుకుంటాను అన్నాడు. అదీ మలుపు.

1959 ఫిబ్రవరిలో గ్రీస్, టర్కీ ప్రధానులు జూరిచ్‌లో కూర్చుని ఒప్పందం రాసేసుకున్నారు. మనిషికి పెళ్ళి కుదిర్చి చివర్లో చెప్పినట్టు ఆ దేశం వాళ్ళు లేకుండానే ఆ దేశం రాజ్యాంగం తేలిపోయింది. తర్వాత లండన్ పిలిచి సంతకం పెట్టమన్నారు, మకారియోస్ చాలా వాటికి అభ్యంతరం చెప్పి ఒక రాత్రి టైం అడిగి, ఫిబ్రవరి 19న పెట్టాడు. పెట్టకపోతే దీవి ముక్కలవుతుందని భయం. మార్చి 1న సైప్రస్ వచ్చాడు, జనం వీధుల్లో పట్టనంత మంది, డిసెంబర్‌లో ఎలక్షన్ పెడితే మూడింట రెండొంతుల ఓట్లతో గెలిచాడు, 1960 ఆగస్టు 16న దేశానికి స్వాతంత్ర్యం.

కానీ ఆ రాజ్యాంగం చూడండి ఎలా ఉందో. ప్రెసిడెంట్ గ్రీకు, వైస్ ప్రెసిడెంట్ టర్కిష్, డాక్టర్ ఫాజిల్ కుచుక్ ఆ పదవిలో ఉన్నాడు, విదేశాంగం, రక్షణ, భద్రత విషయాల్లో ఇద్దరికీ వీటో. మంత్రులు 7:3, పార్లమెంటు 35:15, ప్రభుత్వ ఉద్యోగాలు 70:30, సైన్యం 60:40. పన్నుల చట్టం పాసవ్వాలంటే రెండు వర్గాల ఎంపీల్లో విడివిడిగా మెజారిటీ రావాలి. అయిదు పెద్ద టౌన్లలో రెండేసి మునిసిపాలిటీలు. పైగా గ్రీస్, టర్కీ, బ్రిటన్ మూడూ హామీదారులు, అవసరమైతే జోక్యం చేసుకునే హక్కుతో. బ్రిటన్‌కి 99 చదరపు మైళ్ళ మిలటరీ బేసులు శాశ్వతంగా, అక్రోటిరి, డెకేలియా, ఇప్పటికీ ఉన్నాయి.

మూడేళ్ళలోనే బండి ఆగిపోయింది, పన్నుల చట్టం పాసవ్వదు, మునిసిపాలిటీల గొడవ తేలదు. 1963 నవంబర్ 30న మకారియోస్ రాజ్యాంగానికి 13 సవరణలు ప్రతిపాదించాడు, అందులో మొదటిదే వీటోలు తీసేయడం. టర్కిష్ వాళ్ళకి అది తమ రక్షణ గోడ కూల్చడంలా కనిపించింది. డిసెంబర్ 21న నికోసియాలో కాల్పులు, తర్వాత వందల్లో చావులు రెండు వైపులా, పాతికవేల మంది దాకా టర్కిష్ సైప్రియట్లు ఇళ్ళు వదిలి చిన్న చిన్న ఎన్‌క్లేవుల్లోకి, అంటే చుట్టూ గ్రీకు వాళ్ళ మధ్య తమ వాళ్ళే ఉండే ప్రాంతాల్లోకి, చేరారు. వాళ్ళ మంత్రులు, ఎంపీలు ప్రభుత్వం నుంచి బయటికొచ్చేశారు, మళ్ళీ తిరిగి రాలేదు. బ్రిటిష్ జనరల్ పీటర్ యంగ్ నికోసియా మ్యాప్ మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో ఒక గీత గీశాడు, ఇటు వీళ్ళు అటు వాళ్ళు అని, దాన్నే గ్రీన్ లైన్ అంటారు.

జనరల్ తిమ్మయ్య గారు సైప్రస్‌లో చనిపోయారని విన్నాను. ఆయనకి ఈ గొడవతో ఏం సంబంధం? (ఒక రిటైర్డ్ సుబేదార్, కర్నూలు)

నమస్తే సార్. 1964 మార్చి 4న భద్రతా మండలి 186వ తీర్మానంతో సైప్రస్‌కి శాంతిసేన పంపింది, దానికి మొదటి కమాండర్ మన లెఫ్టినెంట్ జనరల్ జ్ఞాని గారు. ఆయన తర్వాత 1964 జులైలో మన మాజీ ఆర్మీ చీఫ్ తిమ్మయ్య గారు వెళ్ళారు, 1965 డిసెంబర్ 18న డ్యూటీలో ఉండగానే అక్కడ గుండెపోటుతో పోయారు. 1966లో సైప్రస్ ఆయన పేరు మీద స్టాంపు వేసింది. 1974లో అసలు యుద్ధం వచ్చినప్పుడు కూడా కమాండర్ మనవాడే, జనరల్ ప్రేమ్‌చంద్ గారు. నికోసియా ఎయిర్‌పోర్ట్ కోసం రెండు వైపుల వాళ్ళూ కొట్టుకుంటుంటే దాన్ని ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతంగా ప్రకటించి శాంతిసేన తన చేతిలోకి తీసుకుంది ఆయన టైంలోనే. ఆ ఎయిర్‌పోర్ట్ అప్పట్నించీ మూతే. ఒకే దీవి మీద ముగ్గురు భారతీయ జనరల్స్ కమాండ్ చేశారు, మన స్కూలు పుస్తకాల్లో దీని గురించి ఒక పేరా అయినా ఉండాలి అని నా అభిప్రాయం.

ఆయన్ని చంపడానికి చాలాసార్లు ట్రై చేశారంట కదా, అది కూడా టర్కిష్ వాళ్ళు కాదు సొంత గ్రీకు వాళ్ళేనంట, నిజమేనా? (ఒక డిగ్రీ స్టూడెంట్, నిజామాబాద్)

నిజమే. 1967లో గ్రీస్‌లో మిలటరీ వాళ్ళు అధికారం లాక్కున్నారు, వాళ్ళకి ఎనోసిస్ కావాలి. మకారియోస్ మాత్రం 1968 జనవరికల్లా, మనం కోరుకునేది ఒకటి, జరిగే పని ఇంకోటి, జరిగే దాని కోసం చూద్దాం అన్న మాట పైకే చెప్పేశాడు, ఫిబ్రవరి ఎలక్షన్లో 95 శాతం పైగా ఓట్లు వచ్చాయి. జనం ఆయన వైపే ఉన్నారు, కానీ తుపాకులున్న వాళ్ళకి అది ద్రోహంలా కనిపించింది.

1970 మార్చి 8, ఆదివారం పొద్దున. ఇయోకా పోరాటంలో చనిపోయిన అఫ్‌క్సెంటియూ సంస్మరణ ప్రార్థనకి మకైరాస్ మఠానికి వెళ్ళాలి. ఆర్చిబిషప్ భవనం దగ్గర హెలికాప్టర్ ఎక్కాడు, కాస్త పైకి లేచిందో లేదో ఎదురుగా ఉన్న పాన్‌సిప్రియన్ జిమ్నాజియం పైకప్పు మీద నుంచి కాల్పులు. ఆయన చిన్నప్పుడు చదివిన స్కూలే అది. పైలట్‌కి పొట్టలో తూటాలు దిగాయి, రక్తం కారుతున్నా కరెంటు తీగలు, ఇళ్ళు తప్పించి హెలికాప్టర్ కిందికి దించాడు. మకారియోస్‌కి ఒక్క గీత పడలేదు. పైలట్‌ని ఆస్పత్రికి చేర్చి, తర్వాత రోడ్డు మీద మకైరాస్ వెళ్ళి ఆ ప్రార్థన పూర్తి చేసి వచ్చాడు. పైలట్ కూడా బతికాడు. వారం తర్వాత, ఈ దాడిలో చెయ్యి ఉందని అనుమానం పడ్డ మకారియోస్ పాత హోం మంత్రి యోర్గాజిస్ శవం కారులో దొరికింది.

గ్రివాస్ 1971లో దొంగతనంగా దీవికి తిరిగొచ్చి ఇయోకా-బి పెట్టాడు, అప్పట్లో ఇద్దరూ ఒకే పోరాటంలో ఉన్నవాళ్ళు, ఇప్పుడు ఎదురెదురు. గ్రివాస్ 1974 జనవరిలో పోయినా గొడవ ఆగలేదు. సైప్రస్ నేషనల్ గార్డ్‌లో ఆఫీసర్లంతా గ్రీస్ నుంచి వచ్చినవాళ్ళు, 650 మంది దాకా. 1974 జులై 2న మకారియోస్ గ్రీస్ ప్రెసిడెంట్ గిజికిస్‌కి బహిరంగంగా లెటర్ రాశాడు, నన్ను చంపించడానికి చూస్తున్నది మీ ప్రభుత్వమే, మీ ఆఫీసర్లని వెనక్కి పిలుచుకోండి అని. జులై 15 పొద్దున, కైరో నుంచి వచ్చిన గ్రీకు స్కూలు పిల్లలు ప్రెసిడెంట్ ప్యాలెస్‌లో ఆయన ముందు నిలబడి ఉన్నారు, ఆయన వాళ్ళతో మాట్లాడుతుండగా ట్యాంకుల మోత. ముందు పిల్లలని భద్రంగా పెట్టి, వెనక వైపు నుంచి ఎండిపోయిన వాగులోకి దిగి, రోడ్డు మీద దొరికిన కారు ఎక్కి కొండల్లోకి పోయాడు. రేడియోలో మకారియోస్ చచ్చిపోయాడు అని పదే పదే చెప్తున్నారు. కిక్కోస్ మీదుగా పాఫోస్ చేరి అక్కడ చిన్న లోకల్ రేడియోలో మాట్లాడాడు, ఈ గొంతు మీకు తెలుసు, మాట్లాడేది ఎవరో మీకు తెలుసు, నేను మకారియోస్‌ని, చనిపోలేదు, అని. బ్రిటిష్ హెలికాప్టర్ అక్రోటిరి బేస్‌కి తీసుకెళ్ళింది, అక్కడ్నించి మాల్టా, లండన్, జులై 19న న్యూయార్క్‌లో భద్రతా మండలి ముందు నిలబడి గ్రీస్ తన దేశం మీద దాడి చేసిందని చెప్పాడు.

మర్నాడే, జులై 20న, హామీదారు హక్కు అని చెప్పి టర్కీ సైన్యం కిరీనియా తీరంలో దిగింది. కుట్రదారులు కూర్చోబెట్టిన నికోస్ శాంప్సన్ ఎనిమిది రోజులు ప్రెసిడెంట్‌గా ఉండి దిగిపోయాడు, గ్రీస్‌లో మిలటరీ ప్రభుత్వమే కూలింది, కానీ టర్కీ ఆగలేదు, ఆగస్టు 14న రెండో దాడి చేసి దీవిలో మూడో వంతుకి పైగా పట్టుకుంది. లక్షన్నర మందికి పైగా గ్రీకు సైప్రియట్లు ఉత్తరం నుంచి కట్టుబట్టలతో దక్షిణానికి వచ్చారు, టర్కిష్ సైప్రియట్లు దక్షిణం నుంచి ఉత్తరానికి పోయారు. జాడ తెలియకుండా పోయినవాళ్ళు, 1963-64 వాళ్ళని కూడా కలిపి, రెండు వైపులా 2,002 మంది అని అధికారిక లెక్క, ఎముకలు తవ్వి డీఎన్ఏతో గుర్తుపట్టి కుటుంబాలకి ఇచ్చే పని ఇంకా నడుస్తూనే ఉంది.

ఇలా స్వతంత్రం వచ్చిన కొత్తలో మతగురువులు ప్రెసిడెంట్లు అయిన దేశాలు ఇంకా ఉన్నాయా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

ఉన్నాయి. సైప్రస్‌కి ఒక్క రోజు ముందు, 1960 ఆగస్టు 15న ఫ్రాన్స్ నుంచి విడిపోయిన కాంగో బ్రాజవిల్‌కి మొదటి ప్రెసిడెంట్ ఫుల్బెర్ యూలూ కాథలిక్ ఫాదర్. ఆయన బిషప్ ఆయన్ని పూజలు చేయకుండా సస్పెండ్ చేసినా ఫాదర్ అంగీ మాత్రం వదల్లేదు, సరిగ్గా మూడేళ్ళకి 1963 ఆగస్టు 15న జనం వీధుల్లోకి వచ్చి దింపేశారు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే మొదటి ప్రెసిడెంట్ కెనాన్ బనానా మెథడిస్ట్ పాస్టర్, అధికారమంతా ప్రధాని ముగాబే చేతిలో, ఈయనది మన రాష్ట్రపతి లాంటి పదవి, తర్వాత కాలంలో లైంగిక నేరాల కేసులో జైలుకి కూడా వెళ్ళాడు. వనువాటు దేశానికి మొదటి ప్రధాని వాల్టర్ లీని ఆంగ్లికన్ ఫాదర్. కానీ తన చర్చికి అధిపతిగా ఉంటూనే దేశానికి అధిపతి అయి, రెండూ 17 ఏళ్ళు మోసినవాడు మకారియోస్.

ఇంత పొగుడుతున్నారు, దేశం రెండు ముక్కలవ్వడానికి ఆయనే కారణం కాదా? (ఒక పాఠకుడు, అనంతపురం)

మీరు అడిగింది సైప్రస్‌లో ఇప్పటికీ ఇళ్ళల్లో వాదించుకునే ప్రశ్న. గ్రీస్ మిలటరీ వాళ్ళు, టర్కీ, చేతులు కట్టుకుని చూసిన బ్రిటన్, వీళ్ళ పాపం ముందు లెక్కలో వేయాలి. అయినా మకారియోస్ వాటా కూడా ఉంది అని నేను అనుకుంటాను, అది ఆయన దుర్మార్గుడు అయినందుకు కాదు. ఆర్చిబిషప్ అంటే గ్రీకు క్రైస్తవులకి తండ్రి లాంటివాడు, వాళ్ళ కోరికే ఆయన కోరిక, 1954లో నికోసియా ఫనెరోమెనీ చర్చిలో జనం అందరి ముందు ఎనోసిస్ తప్ప ఇంకోటి ఒప్పుకోనని ప్రమాణం కూడా చేశాడు. ప్రెసిడెంట్ అయితే 18 శాతం ముస్లింలకి కూడా సమానంగా నాయకుడు కావాలి. ఒక టర్కిష్ సైప్రియట్ రైతు, తన దేశాధ్యక్షుడు ఆదివారం చర్చి వేదిక మీద నుంచి మాట్లాడుతుంటే అది తన ప్రభుత్వం అని ఎలా అనుకుంటాడు చెప్పండి. ప్రెసిడెంట్ అయ్యాక కూడా 60ల్లో చాలా ప్రసంగాల్లో ఎనోసిస్ మాట వదల్లేదు, గ్రీకు వాళ్ళ చప్పట్ల కోసం అన్న ఆ మాటలు అవతలి వైపు భయంగా వినపడ్డాయి. ఎన్‌క్లేవుల్లో ఉన్నవాళ్ళకి సిమెంటు, ఇనుము లాంటి సరుకులు పోకుండా ఆంక్షలు పెట్టింది కూడా ఆయన ప్రభుత్వమే. ఆ పదవి లేకపోతే ఆయన అంత పెద్ద నాయకుడు అయ్యేవాడు కాదు, ఆ పదవి ఉన్నందువల్లే సగం దేశానికి నాయకుడిగా మిగిలాడు.

ఆయన దాన్ని చివర్లో గ్రహించాడనే నా నమ్మకం. 1974 డిసెంబర్‌లో తిరిగొచ్చాక 1977 ఫిబ్రవరి 12న టర్కిష్ సైప్రియట్ నాయకుడు డెంక్‌టాష్‌తో కూర్చుని నాలుగు పాయింట్ల ఒప్పందం చేసుకున్నాడు, రెండు వర్గాల ఫెడరల్ దేశం అని. జీవితమంతా మెజారిటీ పాలన అడిగిన మనిషికి అది చిన్న మెట్టు దిగడం కాదు. ఆరు నెలలు కాకుండానే, ఆగస్టు 3న గుండెపోటుతో పోయాడు, 63 ఏళ్ళు. కిక్కోస్ పైన కొండ మీద ఆయనే ఎంచుకున్న చోట సమాధి చేశారు. ఆ తర్వాత ఏ ఆర్చిబిషప్పూ ప్రెసిడెంట్ ఎలక్షన్లో నిలబడలేదు, కానీ ఇప్పటికీ చర్చలు జరిగిన ప్రతిసారీ టేబుల్ మీద మొదటి కాగితం ఆ 1977 ఒప్పందమే.

మా అబ్బాయికి ఒక కన్సల్టెన్సీ వాళ్ళు నార్త్ సైప్రస్ యూనివర్సిటీలో సీటు ఇప్పిస్తామంటున్నారు, ఫీజు తక్కువ, యూరప్ కంట్రీ అంటున్నారు. పంపొచ్చా? (ఒక తల్లి, కాకినాడ)

అమ్మా, పైన చెప్పిన కథంతా మీ అబ్బాయి పాస్‌పోర్ట్ మీదకి వచ్చేది ఇక్కడే, కాబట్టి జాగ్రత్తగా చదవండి. టర్కీ సైన్యం పట్టుకున్న ఉత్తర భాగం 1983 నవంబర్ 15న తనని తాను వేరే దేశం అని ప్రకటించుకుంది, దాన్ని గుర్తించింది ప్రపంచంలో ఒక్క టర్కీయే. ఇండియా గుర్తించలేదు, అక్కడ మన ఎంబసీ లేదు, మన హైకమిషన్ ఉన్నది నికోసియాలో దక్షిణం వైపు. మీ అబ్బాయికి అక్కడ ఏదైనా కష్టం వస్తే మన వాళ్ళు నేరుగా చెయ్యగలిగింది చాలా తక్కువ. సైప్రస్ 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది కానీ ఉత్తర భాగంలో ఆ చట్టాలు అమల్లో లేవు, అక్కడ చదివితే యూరప్ దేశంలో ఉన్నట్టు కాదు.

కన్సల్టెన్సీ వాళ్ళు ఉత్త "సైప్రస్" అనే చెప్తారు, మీరు రెండు చూడండి. ఒకటి, ఆఫర్ లెటర్‌లో ఊరు పేరు, కిరీనియా లేదా గిర్నే, ఫామగుస్తా లేదా గాజిమాగుసా, లెఫ్కోషా, లెఫ్కే అని ఉంటే ఉత్తరం. లిమసోల్, లార్నకా, పాఫోస్ అయితే దక్షిణం. నికోసియా అని మాత్రమే ఉంటే పూర్తి అడ్రస్ అడగండి, ఎందుకంటే ఆ ఊరు రెండు వైపులా ఉంది. రెండోది విమానం టికెట్, లార్నకా లేదా పాఫోస్‌లో దిగితే దక్షిణం, టర్కీ మీదుగా ఎర్జాన్ అనే ఎయిర్‌పోర్ట్‌లో దిగితే ఉత్తరం, దీన్ని ఎర్కాన్ అని కూడా రాస్తుంటారు. ఎర్జాన్ ద్వారా రావడం సైప్రస్ ప్రభుత్వం దృష్టిలో చట్టవిరుద్ధ ప్రవేశం, అలా వచ్చి తర్వాత దక్షిణానికి దాటుదాం అనుకుంటే చిక్కులో పడతారు. డబ్బు కట్టకముందే నికోసియాలోని మన హైకమిషన్‌కి కాలేజీ పేరు రాసి మెయిల్ పెట్టి అడగండి, జవాబు వచ్చేదాకా కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.